అరవై ఏడో నంబరు క్లిప్పు

విమానం నేర్పే చోట నా పని రెండు బట్టల క్లిప్పులు కాయడం.

రెండు వేల ఎనిమిది ఎండాకాలం. పెర్కిట్ దాటాక హైవే పక్కన బాబురావు పటేల్ పసుపు కళ్లం ఉంది. ఉడకబెట్టిన పసుపు ఎండి, పాలిష్ అయి, బస్తాలు ఆర్మూర్ మార్కెట్‌కు పోయాక వానలదాకా ఆ కళ్లం ఖాళీ. ఎంత ఊడ్చినా నేల పసుపుపచ్చగానే ఉంటుంది. కూర్చుని లేస్తే చీరకు అంటుతుంది. అక్కడ ఇస్హాక్ భాయ్ ఇద్దరికి విమానం నడపడం నేర్పేవాడు. మనుషులు ఎక్కే విమానం కాదు. థర్మాకోల్ లాంటి తేలిక సరుకుతో చేసింది. నేను రెండు చేతులూ చాపితే ఎంతో, ఆ రెక్కలు అంత. ముక్కుకు చిన్న పంఖా, కడుపులో బ్యాటరీ. కింద నిలబడి రిమోట్‌తో నడపాలి.

భాయ్ పద్నాలుగేండ్లు ఎడారి దేశంలో ఒక షేక్ దగ్గర పని చేసి వచ్చాడు. ఆ షేక్‌కు వేట డేగలు పెంచే సోకు. డేగలకు ఒళ్లు బరువెక్కకుండా రోజూ ఎగరేసి అలిపించాలి. విమానం తోకకు దారం, దారం చివర ఈకల కుచ్చు. డేగ ఆ కుచ్చును పిట్ట అనుకుని వెంట పడుతుంది. విమానం ఎంత పైకి పోతే అది అంత పైకి పోతుంది. ఆ విమానం నడిపే పని భాయ్‌ది. కళ్లలో పొరలు వచ్చి దూరం ఆనకపోయేసరికి ఆయనను ఇంటికి పంపించారు. పంపించేటప్పుడు, నీలాంటి చెయ్యి ఉన్న మనిషిని ఒకణ్ని తయారు చేయమన్నారు.

ఆయన ఇద్దరిని పట్టాడు. ఒకడు ఆయన అక్క కొడుకు అక్రమ్. ఇంకొకరు మా ఆయన యాకోబు.

యాకోబు ఆర్మూర్ బస్టాండు వెనక ముత్తెన్న దుకాణంలో బోరు మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. భాయ్ ఒకరోజు మోటారు తీసుకుని వచ్చి, పని అయ్యేదాకా ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడట. "తీగ తెగనియ్యకుండ, వదులు గానియ్యకుండ లాగుతున్నవ్. గీ చెయ్యి మోటర్ల కాడ పాడైతున్నది," అన్నాడట. యాకోబు ఆ మాట ఇంటికి తెచ్చి మా అత్త ఎస్తేరమ్మకు చెప్పాడు. నాకు చెప్పలేదు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను కాబట్టి విన్నాను.

ఏడాదికి నాలుగు నెలలు, డేగలు ఈకలు రాల్చే ఎండాకాలం, ఇంటికి పంపుతారని కూడా భాయ్ అన్నాడట. అది నేను నమ్మలేదు. పక్కింటి శ్యామల భర్తకు కూడా ఏడాదికొకసారి పంపుతామనే చెప్పారు. ఆయన పోయి ఆరేండ్లు. శుక్రవారం ఫోన్ చేస్తే శ్యామలకు ఏం మాట్లాడాలో తోచక, ఆ వారం వండిన కూరలన్నీ వరుసగా చెప్పేది. బుధవారం బీరకాయ, గురువారం పప్పు. అవతల ఆయన "ఊ, ఊ" అనేవాడు. గోడ ఇవతల నాకు వినిపించేది.

మా రూతుకు అప్పుడు మూడేండ్లు. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వచ్చేవి. రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ యాకోబే టీవీఎస్ మీద మమ్మల్ని కూర్చోబెట్టుకుని దవాఖానకు ఉరికించాడు. పెద్దయితే తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను మాత్రం పిల్ల నుదురు మీద చెయ్యి వేయకుండా గంట కూడా ఉండలేకపోయేదాన్ని. ఆయన పోతే ఎట్లా అని రోజంతా అనుకునేదాన్ని. పైకి అనలేదు. మా వాడలో ఎవరూ అనరు. పోవడానికి మనిషి తయారైతే, వద్దన్న ఆడదాన్ని ఇల్లు ముంచేదని అంటారు.

ఇంట్లో కూర్చుంటే ఇంకా భయమయ్యేది. అందుకే సాయంత్రం గాలి పడే వేళకు పిల్లను ఎత్తుకుని కళ్లానికి పోయేదాన్ని. ఊరికే కూర్చున్నానని భాయ్ నాకు క్లిప్పుల పని ఇచ్చాడు.

అది వాళ్ల షేక్ దగ్గరి కాయిదా, అంటే పద్ధతి. ప్రతి రిమోట్‌కూ ఒక నంబరు ఉంటుంది. దాని పొడుగు ఏరియల్ కొనకు ఆ నంబరు రాసిన చిన్న ఎర్ర జెండా ఉంటుంది. ఒకే నంబరున్న రిమోట్లు రెండు ఒక్కసారి ఆన్ చేస్తే, పైనున్న విమానానికి ఎవరి మాట వినాలో తెలియక పడిపోతుంది. అందుకని నంబరుకు ఒకటే క్లిప్పు. భాయ్ తన రెండు విమానాల రిమోట్లకని రెండు బట్టల క్లిప్పుల మీద ఎర్ర పెయింట్‌తో 67, 72 అని రాశాడు. రిమోట్ ఆన్ చేసేవాడు ముందు నా దగ్గరికి వచ్చి, తన నంబరు క్లిప్పు తీసుకుని ఏరియల్‌కు పెట్టుకోవాలి. దించాక తెచ్చి ఇవ్వాలి. నా కొంగుకు ఆ క్లిప్పు లేదంటే ఎవరో ఎగరేస్తున్నట్టు. అప్పుడు ఆ నంబరు రిమోట్ బటన్ ఎవరూ ముట్టొద్దు.

"ఎనిమిదిమందిమి ఎగరేస్తుంటిమి బేటీ," అనేవాడు భాయ్. "ఒక్కడు మరిచిండంటె ఇంకొకని విమానం పడ్తుండె. పడ్డోనికి గాదు, మరిచినోనికి పడ్తుండె దెబ్బలు."

మొదటి నెల రెండు రిమోట్లను ఒక వైరుతో కలిపి నేర్పాడు. ఒకటి నేర్చేవాడి చేతిలో, ఒకటి భాయ్ చేతిలో. భాయ్ ఒక మీట మీద వేలు పెట్టి ఉంచుతాడు. అటు తప్పితే ఇటు లాక్కుంటాడు. వైరు తీసేసిన రోజు నాకు బాగా గుర్తుంది.

"ఇగ నా వేలు లేదు," అన్నాడు భాయ్. "లేస్తె నీదే, పడ్తె నీదే."

"జర ఆగు భాయ్, చేతులు చెమట పట్టినయ్," అన్నాడు యాకోబు.

"చెమట పట్టిన చేతులే మంచియి. చెమట పట్టని చేతులు షేక్‌వి."

అక్రమ్ కళ్లం గట్టు మీద కూర్చుని నవ్వాడు. "మామూ, యాకోబన్న ఒకటి, నేనొకటి పడగొడ్తె రేపటికి ఏం మిగుల్తది? మార్కెట్‌కు పోయి పతంగి తెచ్చుకోవాల్నా?"

"నువ్వు నోటితోనే ఎగురుతవ్ గద. నీకు విమానమెందుకు, పతంగెందుకు."

యాకోబు విమానం లేచింది. ఆయనకు పోయేది బాగా వచ్చు, వచ్చేదే కష్టం. విమానం మన నుంచి అటు పోతుంటే దాని కుడి మన కుడి. తిరిగి మన ముఖం మీదికి వస్తుంటే దాని కుడి మన ఎడమ అవుతుంది. అక్కడ యాకోబు వేళ్లు తడబడేవి. భాయ్ ఆయన వెనక నిలబడి చెప్పేవాడు.

"కుడి ఎడమ మరిచిపో. గోడ ఒరిగితె ఏం జేస్తవ్? ఒరిగిన దిక్కే కర్ర ఊతం పెడ్తవ్. ఏ రెక్క కిందికి వంగిందో గా దిక్కే రిమోట్ పుల్ల నూకు. గంతే."

ఆయన చెప్తుంటే నా బొటనవేలు పిల్ల వీపు మీద అటూ ఇటూ కదిలేది. భాయ్ కళ్లకు దూరం ఆనదు కాని దగ్గరిది అన్నీ కనిపిస్తాయి. "గీమెకు సమజైంది. నీకు గాలె," అన్నాడు యాకోబుతో.

"నాకేం ఎరుక భాయ్, ఏడే చదివినదాన్ని," అన్నాను.

నిజానికి నాకు సమజయ్యింది. ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ పసుపు కూలికి పోతూ, తమ్ముణ్ని చూసుకోవడానికి నన్ను బడి మానిపించింది. లెక్కల సారు ఇంటికొచ్చి రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఎవరేం అడిగినా నాకేం ఎరుక అనడం అలవాటయ్యింది. ఆ మాట అంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

మే నెల మూడో వారానికి యాకోబుకు వచ్చేది కూడా వచ్చేసింది. అక్రమ్ చెయ్యి కొంచెం మొరటు. మంచిగానే ఎగరేస్తాడు కాని దించేటప్పుడు నేలను గుద్దుతాడు. ఎవరు ఎన్నికవుతారో భాయ్ ముఖంలోనే కనిపించేది. సొంత అక్క కొడుకు అయినా ఆయన ఆ విషయం దాచలేదు.

శుక్రవారం సాయంత్రం టెస్టు. నిజామాబాద్ నుంచి ఏజెంటు భీమ్‌రావు జీపులో వచ్చాడు. చేతిలో వీడియో కెమెరా. ఇద్దరు ఎగరేసింది తీసి షేక్ మనుషులకు పంపుతాడు. వాళ్లు చూసి ఒకరికి వీసా ఇస్తారు. ఎన్నికైనవాడు పోయేదాకా చేతులు ఆడించుకోవడానికని షేక్ మనుషులు ఒక కొత్త రిమోట్ కూడా పంపించారు. డబ్బాలో పెట్టి జీపు వెనక సీటు మీద ఉంచారు. జీపు నడిపే సాయన్నకు నలభై ఏండ్లుంటాయి. నెమ్మది మనిషి. రూతుకు ఒక బిస్కెట్ ఇచ్చాడు.

ముందు యాకోబు. నా దగ్గరికి వచ్చి అరవై ఏడు క్లిప్పు తీసుకున్నాడు.

"నీళ్లు తాగినవా?" అన్నాను.

"తాగిన. పిల్లకు ఎండ తగుల్తున్నది, జర జీపు నీడకు జరుగు."

జీపు నీడకు జరిగాను. అక్కడినుంచి అందరూ కనిపించేవాళ్లు. కళ్లం నడుమ యాకోబు, ఆయన పక్కన భాయ్, కొంచెం దూరంలో కెమెరాతో భీమ్‌రావు, గట్టు మీద అక్రమ్. నా వెనక సాయన్న ఒక్కడే.

విమానం లేచింది. భాయ్ ఒక్కొక్కటే చెప్తుంటే యాకోబు చేస్తున్నాడు. పైకి అన్నాడు, పైకి పోయింది. ఎంత పైకంటే హైవే మీద లారీవాళ్లు ఆగి చూశారు. ఎనిమిది అంకె అన్నాడు. ఆకాశంలో ఎనిమిది అంకె వేశాడు, అటు చెంప ఇటు చెంప సమానంగా. కిందికి అన్నాడు, డేగ తన్నుకుపోయేటట్టు కిందికి వచ్చి మళ్లీ లేచింది. తప్పు లేదు. ఎక్కడా తప్పు లేదు. భీమ్‌రావు కెమెరా మీంచి తల ఎత్తి భాయ్‌తో ఏదో అన్నాడు. భాయ్ తల ఊపాడు. ఇక దించడమే మిగిలింది.

పోతాడు, అనుకున్నాను. అయిపోయింది, పోతాడు.

"అక్కా," అన్నాడు సాయన్న.

తిరిగి చూశాను. కొత్త రిమోట్ డబ్బాలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏరియల్ పొడుగ్గా లాగాడు. దాని కొనకు ఎర్ర జెండా. జెండా మీద 67.

"గిదేనా గా బటన్? ఆన్ చేస్తె లైట్ వెలుగుతదా?"

నేను చూస్తూ ఉన్నాను.

"ఆన్ చేస్తె ఏం గాదు గద అక్కా?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. వద్దు అంటే చాలు. రూతు నా భుజం మీద బిస్కెట్ చప్పరిస్తోంది. పిల్ల చెంప నా మెడకు వెచ్చగా తగులుతోంది. జ్వరమేమో అనిపించింది. జ్వరం కాదు, ఎండ. అది కూడా తెలుసు నాకు.

"నాకేం ఎరుక అన్నా," అన్నాను. "నేను ఏడే చదివిన."

బటన్ టక్కుమంది. ఎర్ర లైటు వెలిగింది. సాయన్న సంబరంగా నవ్వాడు.

విమానం అప్పుడు మా ముఖాల మీదికే వస్తోంది. ఒక రెక్క వణికింది. పంఖా ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోయింది. ముక్కు కిందికి వంచి, ఎవరో పట్టి విసిరినట్టు కళ్లం అవతల మక్క కోసిన మోళ్లలో పడింది. చిన్న చప్పుడే. కొబ్బరిచిప్ప పగిలినంత.

సాయన్న ఉలిక్కిపడి బటన్ ఆపి, ఏరియల్ మూసి, రిమోట్ డబ్బాలో పెట్టేశాడు. ఆటబొమ్మ ముట్టినందుకు సారు తిడతాడని పెట్టాడు, అంతే. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయనకు తెలియదు.

యాకోబు రిమోట్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పుల్లలు ఇంకా నూకుతూనే ఉన్నాడు.

"ఎదురుగ వచ్చేటప్పుడే చెయ్యి తప్పింది," అన్నాడు భీమ్‌రావు. "వీడియోల సాఫ్ కనపడ్తది."

"లేదు సార్. వంగిన దిక్కే నూకిన. భాయ్, నేను వంగిన దిక్కే నూకిన." అని కొంచెం ఆగి, తన చేతులవంక చూసుకుని, "ఏమో," అన్నాడు.

భాయ్ విమానం ముక్కలు ఏరుకొచ్చి ఒక్కొక్కటి కంటికి దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"అరవై ఏడు క్లిప్పు ఏది బేటీ?"

"ఆయన ఏరియల్‌కే ఉన్నది భాయ్."

అది అబద్ధం కాదు. ఆయన అక్కడికి పోయి, క్లిప్పు తడిమి చూశాడు. "ఐతె చెయ్యే," అన్నాడు, తనలో తాను.

అక్రమ్ రెండో విమానం డెబ్బై రెండు మీద ఎగరేశాడు. ఎప్పటిలాగే నేలను గుద్ది దించాడు. అయినా పడిపోయిన విమానం ముందు అది మంచిగానే ఉంది. పోయేటప్పుడు వాడు యాకోబును కౌగిలించుకుని, "అన్నా, నువ్వే పోవాల్సింది అన్నా," అన్నాడు. యాకోబు వాడి వీపు తట్టాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు నిద్ర బాగా పట్టింది. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని నిజం. ఎన్నో నెలల తర్వాత పట్టిన నిద్ర.

శనివారం పొద్దున యాకోబు దుకాణానికి పోయి మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. వెనకనే ముత్తెన్న సైకిల్ మీద వచ్చాడు.

"ఏమైందమ్మా యాకోబుకు? ఒక్క కాయిల్ మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పిండు. లెక్క మరుస్తున్న అంటడు. పదేండ్లల్ల ఒక్కసారి మర్వలె."

"పానం మంచిగ లేదు," అన్నాను.

యాకోబు గడపలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పరుచుకుని చూసుకుంటున్నాడు. రూతు పోయి మీద పడితే, "అమ్మ దగ్గరికి పో," అన్నాడు. పిల్ల ఏడ్చింది. ఎత్తుకోమంటే, "నువ్వే ఎత్తుకో, నా చేతులు వణుకుతున్నయ్. పడగొడ్త," అన్నాడు. ఆయన చేతులు వణకడం లేదు. నేను చూశాను, వణకడం లేదు.

ఆదివారం చర్చికి పోయాం. ప్రార్థన మనవులు ఉంటే చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు మా అత్త లేచింది.

"నా కొడుకు చేతుల కోసం ప్రార్థన చేయండయ్యా. పెద్ద పని నోటికాడికి వచ్చి చేతుల్ల నుంచి జారిపోయింది. పని చేయనిస్తలేవు చేతులు. ఏ బలహీనత ఉన్నదో దేవునికే ఎరుక."

పాస్టరుగారు యాకోబును ముందుకు పిలిచారు. యాకోబు సంఘం ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పాస్టరుగారు నూనె తీసి ఆయన అరచేతులకు రాశారు, ఒక్కొక్క వేలుకూ రాశారు. అందరూ తలలు వంచారు. ఆడవాళ్ల పక్క చాప మీద మా అత్త వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ చేతుల్లో ఏ దోషమూ లేదని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. నూనె మోచేతులదాకా కారుతుంటే ఆయన కళ్లు మూసుకుని, నిజంగా ఏదో జబ్బు పోవాలని అడుగుతున్నవాడిలా పెదవులు కదుపుతున్నాడు.

ఇంటికి వస్తుండగా దారిలో చెప్పాను. అత్త పిల్లను ఎత్తుకుని ముందు నడుస్తోంది.

"నీ చేతుల తప్పేం లేదు," అన్నాను. "జీపు నడిపే సాయన్న కొత్త రిమోట్ ఆన్ చేసిండు. దాని జెండా మీద అరవై ఏడు ఉండె. నేను చూసిన."

ఆగిపోయాడు. "ఎప్పుడు?"

"నువ్వు దించుతున్నప్పుడు."

ఆయన ముఖం అప్పుడు ఎట్లా మారిందో నేను రాయలేను. మూడు రోజుల్లో మొదటిసారి చేతులవంక కాకుండా నావంక చూశాడు. కోపం లేదు. "నేను వంగిన దిక్కే నూకిన గద," అన్నాడు. "నూకిన. నాకు యాదికున్నది." నాలుగడుగులు ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, "మరి గప్పుడే చెప్పకపోతివి?" అన్నాడు.

"భయమైంది. అందరు పెద్దోళ్లు ఉండిరి."

ఆ జవాబు ఆయనకు చాలింది. ఇల్లు చేరగానే టీవీఎస్ తీసి ఇస్హాక్ భాయ్ ఇంటికి పోయాడు. పోతూ రూతును ఒక్క చేత్తో ఎత్తి, గాల్లో తిప్పి దించాడు.

నేను అన్నం వండాను. సగమే చెప్పినందుకు అన్నం ఉడికేదాకా నాకు ధైర్యంగా ఉంది. సాయన్న అడిగిన సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని లేదు అనుకున్నాను. తప్పు దిద్దాను కదా అనుకున్నాను.

రెండు గంటలకు తిరిగొచ్చాడు. బండి స్టాండు వేసి లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడ్డాడు. నేను బయటికి పోయాను.

"భాయ్ గా ఏజెంటుకు ఫోన్ చేసిండు," అన్నాడు. "భీమ్‌రావు, సాయన్నకు ఇచ్చిండు ఫోన్. సాయన్న ఆన్ చేసిన అన్నడు. దాచలె. ఆన్ చేసే ముందుగాల అక్కనే అడిగిన అన్నడు."

అత్త వినకుండా నేను వెనక తలుపు దగ్గరికి వేశాను.

"అడిగిండా?"

"అడిగిండు."

"ఏమన్నవ్?"

"నాకేం ఎరుక అన్న."

"నీకు ఎరుకే గద."

"ఎరుకే."

ఎదురింటి గంగవ్వ గేదెలు వాకిటి ముందునుంచి పోయాయి.

"ఎందుకు?" అన్నాడు.

"పోతవని."

"పోవద్దని ఒక్కసారన్న అన్నవా నాతోని?" ఆయన గొంతు పెంచలేదు. "మా నడిపయ్య మస్కట్ వీజా తెస్తె నేను వద్దన్న. ముత్తెన్న బామ్మర్ది సౌదీ అంటె వద్దన్న. ఎందుకన్న? పిల్లకు గట్లైతది, నువ్వు ఆగమైతవ్ అని. గిదొక్కటి, నాలుగు నెలలు ఇంటికాడ ఉండేటి పని అని పట్టుకున్న. నువ్వు రోజు గా క్లిప్పులు కొంగుకు పెట్టుకొని అందరికంటె ముందు వచ్చి కూసుంటివి. నీకు ఇష్టమే అనుకున్న."

"ఇంట్ల ఉంటె భయమైతుండె."

"మరి గదన్న చెప్పాలె గద కరుణా. నేనేమన్న పరాయోన్నా?"

మస్కట్ వద్దన్నాడని, సౌదీ వద్దన్నాడని నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

"మళ్ల టెస్టు పెడ్తరా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"వీడియో నిన్ననే పోయింది. అక్రమ్ పేరు ఖాయమైంది. వానికి నలుగురు చెల్లెండ్లు. వాని నోట్ల మన్ను కొట్టమంటవా?" చెంబు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు. "భాయ్ నీకో మాట చెప్పమన్నడు."

"ఏంది?"

"క్లిప్పు సంగతి అడిగినప్పుడు నీ మొకం చూడనందుకు తప్పు నాదే అన్నడు."

సోమవారం యాకోబు దుకాణానికి పోయాడు. కాయిల్ ఒకేసారి చుట్టాడు. రూతును ఎత్తుకున్నాడు, బండి నడిపాడు, చేతులు చూసుకోవడం మానేశాడు. అత్త అది ప్రార్థన ఫలం అని వాడంతా చెప్పుకుంది. ఆయన కాదనలేదు. నన్ను బయటపెట్టలేదు. నాతో కావలసిన మాటలు అన్నీ మాట్లాడేవాడు: ఉప్పు తక్కువైంది, సబ్బు అయిపోయింది, పిల్ల మందు తెచ్చిన. నేను ఏమన్నా అంటే మాత్రం, అది ఎంత నిజమో తూచి చూస్తున్నట్టు కొంచెం ఆగి జవాబిచ్చేవాడు. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందని చెప్తే, తానే లేచి వచ్చి చెయ్యి పెట్టి చూసేవాడు.

జూన్ నెలాఖరుకు వానలు పడ్డాయి. బాబురావు కళ్లం చుట్టూ పసుపు విత్తనం పెట్టారు. అప్పుడు భీమ్‌రావు దగ్గరే ఇంకో వీసా వచ్చింది. గోదాములో సామాను మోసే పని. రెండేండ్లకు ఒకసారి సెలవు. యాకోబు పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాకే ఇంట్లో చెప్పాడు. అది కూడా అత్తకు చెప్తుంటే విన్నాను.

"విమానం పని చేతికొచ్చిన మనిషివి, మూటలు మోస్తవారా?" అన్నది అత్త.

"ఏదైతేంది అవ్వా."

పోయే రోజు పొద్దున గడప దగ్గర కూర్చుని సంచి మీద మార్కర్‌తో తన పేరు రాసుకుంటున్నాడు. రూతు సంచి మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. శ్యామల గోడ మీదినుంచి చూస్తోంది. నేను లోపలినుంచి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"పోవద్దు," అన్నాను.

అత్త పొయ్యి దగ్గరినుంచి తిరిగింది. "ఏమన్నవే?"

"పోవద్దంటున్న. నాకు భయమైతది. పిల్లతోని ఒక్కదాన్ని ఉండలేను. వాడల అందరు ఏమన్న అననీ. నువ్వు ఈడనే ఉండు."

అన్ని మాటలు ఒక్కసారిగా ఆయనతో నేనెప్పుడూ అనలేదు. ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తి నావంక చూశాడు. ఇది నిజమేనా అని తూచే చూపు కాదు. నమ్మాడు. అది నాకు కనిపించింది.

"ఇన్న నీ మాట," అన్నాడు మెల్లగా. "టికెట్ అయ్యింది కరుణా. ముంబయికి బస్సు పన్నెండింటికి."

మిగిలిన రెండు అక్షరాలు రాసి మార్కర్‌కు మూత పెట్టాడు. రూతును సంచి మీదినుంచి దించి నా చేతికి ఇచ్చాడు. గల్లీ మొదట్లో ఆటో హారన్ కొట్టింది. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ప్రార్థన చేద్దాం రమ్మంది. ముగ్గురం నిలబడ్డాం. ఆమె ప్రయాణం కోసం అడిగింది, పని చూపే మనుషుల మనసు కోసం అడిగింది, కొడుకు చేతులకు బలం ఇయ్యమని అడిగింది. నేను కళ్లు మూసుకోలేదు. ఆయన కూడా మూసుకోలేదు. ఆయన సంచి వంక చూస్తున్నాడు, నేను ఆయన వంక చూస్తున్నాను. ఆటోవాడు రెండోసారి హారన్ కొట్టాడు.